కాలువ కింది ఎకరం ముప్ఫై గుంటలు

9 జూన్ 2025, సోమవారం. కోదాడ

సూర్యాపేట కోర్టులో ఏడు నిమిషాల పని. దానికోసం పొద్దున ఏడింటికి బస్సెక్కి మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరాను. నాలుగు వారాల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయాల అఫిడవిట్ వేయాలని జడ్జి గారు చెప్పారు. విడాకులు అడిగింది నేను. భరణం అడిగింది సోమమ్మ. కాబట్టి ఇద్దరి చిట్టాలూ కోర్టు ముందుండాలట.

సోమమ్మ అని రాయడం ఇదే మొదలు. నలభై నాలుగేళ్లు డైరీల్లో 'ఇంట్లో' అనే రాసుకున్నాను. ఇంట్లో జ్వరం. ఇంట్లో మోతెకు పోయింది. ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు గనుక పేరు రాయవలసి వస్తోంది.

ఆమె కోరినవి రెండే. నెలకు ఎనిమిది వేలు, త్రిపురారంలో కాలువ కింద ఎకరం ముప్ఫై గుంటల పొలం. ఆ పొలం తన పుట్టింటివారు పెట్టిన గొర్రెలు అమ్మి కొన్నదని ఆమె వకీలు అహల్య రాసింది. రుజువుగా ఒక్క కాగితం జత చేయలేదు. ఎక్కడి నుంచి తెస్తుంది?

నా వకీలు రాజేందర్ కుర్రవాడు. 'నీటిపారుదల శాఖలో సూపరింటెండెంట్‌గా చేసినోళ్లు, ఫారం నింపుడు మీకు నేను నేర్పాల్నా సార్' అన్నాడు. పొగడ్త అని తెలుసు. అయినా బస్సులో రెండుసార్లు గుర్తు చేసుకున్నాను.

11 జూన్

ఫారం ఇరవై రెండు పేజీలు. దాన్ని తెలుగు చేసినవాడు తెలుగు చదివినవాడు కాడు. రెండు వాక్యాలు ఎర్ర సిరాతో దిద్దాను. కోర్టు ఫారం మీద దిద్దకూడదని గుర్తొచ్చి ఇంకో ప్రతి జిరాక్స్ తీయించాను.

పేరు యాదయ్య. వయసు అరవై తొమ్మిది. చదువు బి.ఏ. జీవిత భాగస్వామి చదువు: లేదు. ఆ 'లేదు' రాసేటప్పుడు కలం బాగా నడిచింది. నిజం చెప్పుకోవడానికే గదా ఈ నోటుబుక్కు, కాబట్టి రాస్తున్నాను.

నెల ఖర్చులు. మందులు, కరెంటు, కర్రీ పాయింట్. పుస్తకాలకు పన్నెండు వందలు. మూడు బీరువాల పుస్తకాలున్న ఇల్లు ఈ వీధిలో నాదొక్కటే. ఆమె వాటి దుమ్ము దులిపేది గాని ఒక్కటీ తెరవలేదు. తెరిచినా ఏం లాభం అని నేనే అనేవాణ్ణి.

'ఆస్తి సంపాదనలో జీవిత భాగస్వామి వాటా ఏమైనా ఉంటే వివరములు.'

ఇది రేపు నింపుతాను.

12 జూన్

నింపలేదు. ఎండ.

15 జూన్, ఆదివారం

ఎవరు ఎవరిని వదిలేశారో ఒకసారి వరుసగా రాసుకోవాలి. వకీళ్లు రాసింది చదివితే నాకే సందేహం వస్తోంది.

రెండేళ్ల కింద, ఫిబ్రవరిలో, అన్నం పెడుతూ అన్నది. మోకాళ్లు పోయాయి, ఇక గొర్ల వెంట తిరగలేను, పొలం నా పేరున రాయించు, కౌలు వస్తే ఒకరి చేయి చూడకుండా బతుకుతా అని. నేను పేపరు చదువుతున్నాను. వేలిముద్ర వేసేదానికి పాసుబుక్కు ఎందుకు అన్నాను. నవ్వాను కూడా. నవ్వానని ఆమె జవాబులో రాయలేదు. రాస్తే నేను కాదనలేను.

తెల్లారి మోతె బస్సెక్కింది. తమ్ముడు ఎర్రయ్య ఇంటికి. గొర్ల మంద ఎప్పుడూ అక్కడే ఉంటుంది. నెలలో పది రోజులు ఆమె కూడా అక్కడే ఉండేది గనుక వస్తుందిలే అనుకున్నాను. దసరా పోయింది, ఇంకో దసరా పోయింది.

ఎర్రయ్య నా జీవితంలో నేను గెలవలేకపోయిన మనిషి. మా పెళ్లి పందిట్లోనే 'మా బావ పుస్తకం తీస్తే మంద మొత్తం నిద్రపోతది' అని ఊరందరినీ నవ్వించాడు. ఏ పండక్కి పోయినా ఆ మాట ఎవరో ఒకరు తవ్వేవారు. రెండేళ్లు గడిచాక విడాకులకు వేశాను. రెండేళ్లు వదిలేసి ఉండాలి, అది చట్టం. కోర్టు కాగితం మోతెకు పోతే ఎర్రయ్య నోరు పడిపోతుందనీ, ఆమె భయపడి వస్తుందనీ అనుకున్నాను. విడాకులు కావాలని కాదు.

ఆమె భయపడలేదు. వకీలును పెట్టుకుంది.

17 జూన్

పెన్షన్ ఉత్తర్వు కోసం ట్రంకుపెట్టె తెరిచాను. ఉత్తర్వు దొరికింది. సర్వీసు కాగితాలు కూడా. వేరే ఏమీ లేవు.

18 జూన్

'వేరే ఏమీ లేవు' అని నిన్న రాసింది చదివాను. ఈ నోటుబుక్కు నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరి కోసం రాశాను ఆ మాట?

20 జూన్, శుక్రవారం. మిర్యాలగూడ నుంచి తిరిగి వచ్చాక

పొలం సంగతి. అది ఇప్పుడు నా పేరున లేదు.

కేసు వేయడానికి ఒక నెల ముందు, ఈ ఏడు ఫిబ్రవరిలో, మా తమ్ముడి కొడుకు మహేశ్వర్ పేరున దానపత్రం రాసి రిజిస్ట్రేషన్ చేయించాను. ప్రేమాభిమానాలతో ఇచ్చినట్టు రాసుంది. కేసు ముగిశాక తిరిగి రాసివ్వాలని మా ఇద్దరి నడుమ మాట. సోమమ్మకు తెలియదు. ఈ ఉపాయం చెప్పింది రాజేందర్ కాదు. నేనే. నలభై ఏళ్లు ఫైళ్లతో బతికినవాడికి ఇంకొకరు చెప్పాలా?

మాకు పిల్లలు లేరు. నేను పోతే కొరివి పెట్టేది మహేశ్వరే. ఆ మాట అతనే అన్నాడు, రిజిస్ట్రేషన్ రోజున, తహసీల్దార్ ఆఫీసు మెట్ల మీద. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు.

ఈ రోజు అతని పురుగుమందుల షాపుకు పోయాను. ఈ సీజను కౌలు ఎంతొచ్చిందని అడిగాను. అతని భార్య గీత టీ తెచ్చింది, 'మామయ్యకు షుగర్ తక్కువ ఏసిన' అన్నది. టీలో చక్కెర అసలే లేదు. మహేశ్వర్ కౌలు సంగతి దాటేసి, దామరచర్ల కరెంటు ప్లాంటులో పనులు చేసే కాంట్రాక్టరు ఒకాయన పొలం చూసిపోయిండని, మంచి ధర చెప్పిండని అన్నాడు. కేసు అయ్యేదాకా ఆ ఊసే వద్దన్నాను.

'కేసు నీది పెద్దనాయినా,' అన్నాడు, గిరాకీకి చిల్లర లెక్కపెట్టి ఇస్తూ. 'పొలం నాది.'

నవ్వుతూనే అన్నాడు. నేను కూడా నవ్వాను. ఖాళీ గ్లాసు పట్టుకుని ఇంకా కాసేపు కూర్చున్నాను.

21 జూన్

సరే. ట్రంకులో దొరికిన రెండో కాగితం గురించి.

1994. ఆ ఏడు కాలువ మరమ్మతుల బిల్లుల్లో మా ఆఫీసులో ఇద్దరిని లంచం తీసుకుంటుండగా పట్టుకున్నారు. మిగిలిన వాళ్లందరం అనుమానంలో ఉన్నాం. సరిగ్గా ఆ నెలలోనే నేను పొలం కొన్నాను. ఉద్యోగి భూమి కొంటే డబ్బు ఎక్కడిదో శాఖకు రాసివ్వాలి. మూడు చిత్తుప్రతులు రాసి, నాలుగోది ఇచ్చాను. దాని కార్బన్ కాపీ ఇది. మీద ఆఫీసు ముద్ర, ఇంజనీరు గారి సంతకం.

'నా భార్య శ్రీమతి సోమమ్మకు వివాహ సమయంలో ఆమె తల్లిదండ్రులు ఇచ్చిన గొర్రెల సంతతిలో అరవై రెండు గొర్రెలను అమ్మగా వచ్చిన రూ. 41,500తో పై భూమిని కొనుగోలు చేయడమైనది. ఇందులో నా జీతము నుండి గాని, అప్పు నుండి గాని, ఇతర మార్గముల నుండి గాని ఒక్క రూపాయి లేదు.'

కింద ఆమె వేలిముద్ర. ఆఫీసు కాగితం, వేలు పెట్టు అన్నాను. పెట్టింది. ఏం రాసుందో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మంచి వాక్యం. ఒక్క మాట ఎక్కువ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ల తర్వాత కూడా నేను దిద్దవలసింది ఏమీ కనబడలేదు.

23 జూన్

రాజేందర్‌కు ఫోన్ చేశాను. కాగితం సంగతి చెప్పలేదు. పొలం చూపించాలా అని మాత్రం అడిగాను. 'మీ పేరు మీద లేని భూమి మీదెట్లయితది సార్' అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి బదిలీ చేసిన ఆస్తులని ఇంకో కాలమ్ ఉంది గదా అన్నాను. 'ఆ కాలమ్ గురించి నేనేం చెప్ప సార్. సంతకం పెట్టేది మీరు' అన్నాడు.

తెలివైనవాడే. మా ఆఫీసులో ఉంటే పైకొచ్చేవాడు.

27 జూన్

నోటరీ ముందు సంతకం చేశాను. ఎనిమిది చోట్ల.

బదిలీ చేసిన ఆస్తులు: లేవు.

సంపాదనలో జీవిత భాగస్వామి వాటా: లేదు.

4 జూలై, శుక్రవారం. సూర్యాపేట

అఫిడవిట్ల ప్రతులు ఒకరివి ఒకరికి ఇచ్చారు. తర్వాత వరండాలో బల్ల మీద అహల్య కూర్చుని నాది సోమమ్మకు చదివి వినిపించింది. నేను స్తంభానికి ఇవతల నిలబడ్డాను. వెళ్లిపోవచ్చు. బస్సుకు టైముంది అని నిలబడ్డాను.

నా ఇంగ్లీషు మందుల పేర్లు, నా కంటి ఆపరేషన్, నా పుస్తకాల ఖర్చు అన్నీ వింది. వాటా లేదు అన్నచోట ముఖం మారలేదు. అహల్య ఆఖరి పేజీ కూడా చదివి మూసింది. సోమమ్మ ఆమెను ఇంకోసారి చూడమన్నది. అందులో త్రిపురారం లేదని అహల్య చెప్పింది. అప్పుడు సోమమ్మ లేచి, మోకాలి మీద చేయి పెట్టుకుని, నా దగ్గరికి వచ్చింది. నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. 'ఇగో' అనేది. ఇప్పుడూ అదే.

'ఇగో. కాలువ కింది పొలం రాయలే?'

'నా పేరున లేదు' అన్నాను.

అది నిజం. కోర్టులో నిలబడే నిజం. ఎవరి పేరున ఉందని అడుగుతుందనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను. అడగలేదు.

'సరే. నీ గొర్లు పద్నాలుగు ఉన్నయి. ఎప్పుడొచ్చి తోలుకపోతవ్? వానలు షురువైనయి, గిట్టల రోగమొస్తే నేను జిమ్మేదారి గాదు.'

నాకు గొర్లెక్కడివి అన్నాను. అప్పటికే ఆమె మెట్లు దిగుతోంది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి.

5 జూలై

ఆమె అఫిడవిట్ ఆరు పేజీలే. వ్యవసాయం, పశువులు ఉన్నవాళ్లకు వేరే ఫారం ఉంటుందట. నేను అనుకున్న తప్పులు ఏవీ లేవు.

'పశువుల వివరములు: గొర్రెలు ముప్ఫై ఒకటి. ఇందులో ఎడమ చెవి కొస కోత ఉన్నవి పదిహేడు, నావి. కుడి చెవి నడుమ చీలిక ఉన్నవి పద్నాలుగు. ఇవి నా భర్తవి. పెళ్లినాడు మా అత్త రెండు గొర్రెలను నా భర్త వంతుగా నా మందలో కలిపినది. వాటి సంతతి. నావి కావు గనుక నా ఆస్తిలో కలపలేదు.'

మా గొల్లల్లో మందలు కలిపి మేపినా చెవి కోతతో ఎవరివి వాళ్లకు తెలుస్తాయి. పిల్ల పుట్టగానే తల్లి చెవిని చూసి పిల్ల చెవి కోస్తారు. నేను చిన్నప్పుడే ఆ వాసనకు దూరంగా హాస్టలుకు పోయినవాణ్ణి. మా అమ్మ రెండు గొర్రెలు ఇచ్చిందని నాకు తెలియదు. తెలిసినా మరిచిపోయి ఉంటాను.

నలభై నాలుగేళ్లు. కరువులు పోయాయి, రోగాలు పోయాయి, అరవై రెండు గొర్రెలు నా పొలానికి అమ్మింది. అప్పుడు కూడా కుడి చెవివి పక్కన పెట్టిందన్నమాట. తనవే అమ్మింది.

6 జూలై

చదవడం కుదరలేదు.

8 జూలై, మంగళవారం. మోతె

వెళ్లాను. గొర్లను చూడటానికి అని నాకు నేను చెప్పుకున్నాను.

ఎర్రయ్య దొడ్డి ముందు మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. అరవై దాటినా పళ్లన్నీ ఉన్నాయి. నన్ను చూసి లేవలేదు.

'పెద్దసారు వచ్చిండు, కుర్సీ ఎయ్యుండ్రి' అని లోపలికి కేకేశాడు. 'బావా, పుస్తకం తెచ్చినవా? గొర్లకు ఇయ్యాల నట్టల మందు తాపినం, జర నిద్ర పట్టాలె.'

నలభై నాలుగేళ్లయినా అదే మాట. నేనూ ఏదో ఒకటి అని ఉండాల్సింది. కుర్చీ తెచ్చేదాకా నిలబడ్డాను. కేసు సంగతి ఆయనే ఎత్తాడు. అహల్యమ్మ వద్దన్నా అక్క ఆ పద్నాలుగూ రాయించిందని, భరణం అడిగేటోళ్లు ఎదుటోని మాల్ లెక్క చెప్పుకుంటారా అని తను కూడా కొట్లాడినానని చెప్పాడు. వినలేదట.

సోమమ్మ దొడ్డిలో కుంటి గొర్రె కాలికి మందు రాస్తోంది. నన్ను చూసి ఆగలేదు. ఇవే నీవి అన్నట్టు గడ్డంతో చూపించింది. నేను దగ్గరికి పోయి ఒకదాని చెవి పట్టుకుని చూశాను. చీలిక నడుమ వెంట్రుకలు పెరిగాయి. అది బెదిరి తల విదిలించింది.

ఎందుకు ఉంచినవ్ ఇవన్నీ అని అడిగాను.

'మీ అమ్మ నా చేతిల పెట్టింది. వానికి తెల్వదు, నువ్వే సూడాలె బిడ్డా అన్నది. సూసిన.'

అంతే అన్నది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు పని తేలికయ్యేది.

కాగితం నా జేబులోనే ఉంది. పొద్దున మడిచి పెట్టుకున్నాను, ఎందుకో తెలియదు. ఇస్తే అహల్య చేతికి చేరేది, అంతటితో పొలం ఎవరి డబ్బో తేలిపోయేది. ఇవ్వలేదు. ఎర్రయ్య చూస్తున్నాడు గదా, ఆయన ముందు ఎట్లా అనుకున్నాను. బస్సెక్కాక ఆలోచిస్తే, ఎర్రయ్య అప్పటికి చాయ్ తాగడానికి లోపలికి పోయాడు.

10 జూలై

రాజేందర్ ఫోన్. సంబరంగా ఉన్నాడు. మన గొర్లు తన దగ్గరున్నాయని ఆమె నోటితోనే ఒప్పుకుంది కాబట్టి, ఇన్నేళ్లు వాటి మీద వచ్చిన ఆదాయం ఆమెదిగా చూపించి భరణం తగ్గించమని అడుగుదామన్నాడు.

సిగ్గు లేదా అన్నాను. నాకు సార్? అన్నాడు.

నాకు అని చెప్పలేక ఫోన్ పెట్టేశాను.

14 జూలై, సోమవారం

గీత ఫోన్ చేసింది. మహేశ్వర్ కాదు. పొలానికి ఆ కాంట్రాక్టరు రెండు లక్షలు బయానా ఇచ్చాడని, శ్రావణంలో రిజిస్ట్రేషన్ అని, 'మీరు ఏమీ అనుకోవద్దు మామయ్య, పిల్లల ఫీజులున్నయి' అని. ఆ మనిషికి మనసు ఒప్పక చేసిందో, మొగుడు చెప్పమంటే చేసిందో తెలియదు.

అమ్మేస్తే ఇక ఆమెకు ఆ పొలం ఏ కోర్టూ ఇప్పించలేదు. నాకు కూడా తిరిగి రాదు. ఈ రెండింట్లో ఏది ముందు గుర్తొచ్చిందో రాయను.

16 జూలై

దుష్టులందరి జాబితా ఒకటి మనసులో ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. నా ప్రమోషన్ ఆపినవాడు, నా వ్యాసం వేయకుండా తిప్పి పంపిన పత్రికవాడు, ఎర్రయ్య, ఇప్పుడు మహేశ్వర్. ఇవాళ కూర్చుని వాళ్లు నాకు చేసింది ఏమిటో ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. అందరిదీ కలిపినా ఎకరం ముప్ఫై గుంటలు కాదు.

18 జూలై, శుక్రవారం

అదనపు అఫిడవిట్ రాశాను. త్రిపురారం పొలం సోమమ్మ గొర్రెల డబ్బుతో కొన్నదని, ఆమెకు దక్కకూడదనే ఉద్దేశంతోనే నేను కేసుకు ముందు దానం చేశానని, మొదటి అఫిడవిట్‌లో రెండు చోట్ల 'లేదు' అన్నది అబద్ధమని. 1994 కాగితం జత.

రాజేందర్ ఆఫీసుకు తీసుకుపోయాను. నిలబడే చదివాడు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టు మీరే రాసిస్తే కోర్టు ఊరుకోదని, మీ మీదే కేసు పెట్టొచ్చని, ఈ వయసులో ఎందుకని అన్నాడు. ఇది తన చేతి మీదుగా వేయనన్నాడు. ఫైలు వెనక్కి ఇచ్చాడు. ఫీజు వెనక్కి ఇవ్వలేదు.

నేనే వేసుకుంటానన్నాను.

'పంతమా సార్?' అన్నాడు.

కాదన్నాను. నిజానికి రాసేటప్పుడు మధ్యలో ఒకచోట సంతోషం కలిగింది. తప్పు ఒప్పుకునే వాక్యం ఒకటి బాగా కుదిరింది, దాన్ని పైకి చదువుకున్నాను. తర్వాత అది కొట్టేసి, ఉత్తగా రాశాను.

21 జూలై, సోమవారం. సూర్యాపేట

జడ్జి గారు రెండుసార్లు చదివారు. మొదటిది, ఇది, రెండూ మీరే రాశారా అన్నారు. రెండూ నేనే అన్నాను. ఏది నిజమన్నారు. ఇది, ముప్ఫై ఏళ్ల కిందటిది, రెండూ అన్నాను.

వెనక ఎవరో నవ్వారు.

పొలం అమ్మకూడదని ఉత్తర్వు. మహేశ్వర్‌కు నోటీసు. తప్పుడు ప్రమాణం చేసినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పాలని నాకూ నోటీసు. సోమమ్మ రాలేదు. మోకాలికి సూది వేయించుకోవడానికి దవాఖానకు పోయిందని అహల్య చెప్పింది. ఆమె వింటుందని వారం రోజులుగా అనుకుంటూ వచ్చాను. ఆ సంగతి కుర్చీలు ఖాళీగా కనబడ్డాకనే నాకు తెలిసింది.

24 జూలై

మహేశ్వర్.

'నువ్వు సచ్చినా నీ వాకిట్లకు రాను' అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. బయానా ఇచ్చినవాడు డబ్బు వెనక్కి అడుగుతున్నాడట, బజార్ల ఇజ్జత్ పోయిందట. చివరకు ఏడ్చాడు. తహసీల్దార్ ఆఫీసు మెట్ల మీద ఏడ్చినప్పుడు కంటె ఇప్పుడే నిజంగా ఏడ్చాడనిపించింది. వాడిని కూడా నేనే ఇందులోకి లాగాను.

29 జూలై

కర్రీ పాయింట్ వాడు రెండు కూరలు కట్టబోయాడు. ఒకటి చాలన్నాను. రోజూ ఒకటే గదా తీసుకునేది, వాడెందుకు పొరబడ్డాడో.

2 ఆగస్టు

అహల్య ఫోన్ చేసింది. మహేశ్వర్ వకీలు ద్వారా కబురు వచ్చిందట. తనకు కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక లేదని, పొలం సోమమ్మ పేరునే రిజిస్ట్రేషన్ చేస్తానని. ఆరో తారీఖున రాజీ కాగితాల మీద అందరం సంతకాలు చేయాలి. పొలం వస్తే భరణం వద్దంటోందట. విడాకుల సంగతి ఏమిటని అడిగాను. అదీ ఆ కాగితాల్లోనే ఉంది, మీరు కోరిందే గదా అన్నది.

నేను కోరిందే.

6 ఆగస్టు, బుధవారం

సోమమ్మను ఇంటికి రమ్మనడానికి రాత్రంతా ఒక ముక్క తయారు చేసుకున్నాను. విడాకుల పిటిషన్ వాపసు తీసుకుంటాను. పొలం నీదే, భరణమూ ఇస్తాను. పైన గది అద్దెకిచ్చింది ఖాళీ చేయిస్తాను, నువ్వు మెట్లు ఎక్కనక్కర లేదు, నేనే పైకి పోతాను. గొర్లు ఎర్రయ్య దగ్గరే ఉండనీ. ఇంకా ఒకటి రెండు ఉన్నాయి. ఏ కాగితానికీ ఇంతగా ఆలోచించలేదు.

సూర్యాపేటలో వాన. వరండాలో అదే బల్ల. ఆమె కూర్చుంది, నేను కూర్చున్నాను, నడుమ ఇంకొకరు పట్టేంత జాగా. ఎర్రయ్య దూరంగా మెట్ల మీద గొడుగు దులుపుతున్నాడు.

పిటిషన్ వాపసు తీసుకుంటానన్నాను. మిగతాది చెప్పబోయాను.

'పాత కాగితం అహల్యమ్మ నాకు సదివింది' అన్నది. 'నా వేలు ఉన్నదట గద దాని మీద.'

ఉందన్నాను.

'గప్పుడు ఆఫీసోళ్లకు భయపడి నిజం రాసినవ్. అయినంక ముప్ఫై ఏండ్లు ఎవ్వలూ అడగలే, నువ్వూ అనలే. మల్ల మొన్న రాసినవ్. నీకు అవసరం పడితే నిజం మంచిగనే రాస్తవ్.' కొంగుతో మోకాలి మీది తడి తుడుచుకుంది. 'ఇప్పుడేం అవసరం పడ్డది?'

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. జవాబు కోసం నా వైపు తిరిగి కూర్చుంది కూడా. పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను అడిగినవాటిలో ఇంత సూటి ప్రశ్న ఇంకొకటి గుర్తు లేదు. నా దగ్గర జవాబు ఉంది. రెండు మాటలు. బస్సులో కూడా ఉన్నాయి, మెట్లెక్కేటప్పుడు కూడా ఉన్నాయి.

ఎర్రయ్య ఇటు చూశాడు.

'ఏం లేదు' అన్నాను.

ఆమె ఇంకా కొంచెంసేపు చూసింది. తర్వాత అహల్య వైపు చేయి చాపి కాగితాలు అందుకుని, నా ఒళ్లో పెట్టింది.

'ఏం లేకపోతే మంచిదే. సంతకం పెట్టు.'

పెట్టాను. నాలుగు చోట్ల. తర్వాత ఆమె వేలు పెట్టింది. పెట్టేముందు అహల్యను ప్రతి పేజీ చదవమన్నది, ఆఖరిదాకా విన్నది.

ఏం లేదు అన్నది అబద్ధం. ప్రమాణం చేసి చెప్పింది కాదు గనుక దీనికి ఏ నోటీసూ రాదు.